రాజగృహాల్లో వికలాంగ శిశువులు

రాజకుటుంబంలో పుట్టిన బిడ్డకు చూపో, వినికిడో, కాలోచెయ్యో, బుద్ధో సరిగా లేకపోతే ఆ బిడ్డను జనం కంట పడకుండా పెంచడం, వంశవృక్షంలో పేరు మాత్రం ఉంచి మనిషిని పక్కకు తప్పించడం అనేక దేశాల్లో జరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ బ్రిటిష్ రాజు అయిదో జార్జి చిన్న కొడుకు జాన్ (1905–1919). కర్నూలు, కడప జిల్లాలున్న రాయలసీమలో ఇదే విషయం మరో రూపంలో కనిపిస్తుంది. ఇక్కడి చరిత్రలో పుట్టుకతో వచ్చిన లోపం కంటే, గద్దెకు పనికిరాకుండా చేయడానికి మనుషులు పూనుకుని కలిగించిన లోపమే ఎక్కువగా నమోదైంది. కళ్లు పీకించడం, కాళ్లూ చేతులూ నరికించడం, చిన్నపిల్లవాణ్ణి కొండకోటలో పెట్టి తలుపు మూయడం, వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే ఆలోచన: రాజు శరీరమే అతని హక్కుపత్రం. ఆ పత్రంలో చిరుగు ఉంటే దాచాలి, ఎదుటివాడి పత్రం గట్టిగా ఉంటే చించాలి.

దాపరికం అనగానే మనకు ముందు సిగ్గు గుర్తొస్తుంది. సిగ్గు లేకపోలేదు కానీ, రాచగడపల్లో దానికంటే ముందు వారసత్వం నిలబడి ఉంటుంది.

ధర్మశాస్త్రంలో వారసుడి శరీరం

రాయలసీమలో ఏ పల్లెకు వెళ్లినా ధృతరాష్ట్రుడి కథ తెలియనివాళ్లు ఉండరు. చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం చెప్పించి, చివర దుర్యోధన వధ ఆడిస్తారు. అంత పెద్ద యుద్ధానికి మొదలు ఎక్కడ అంటే, పెద్దకొడుకు పుట్టుగుడ్డి కాబట్టి తమ్ముడు పాండురాజుకు పట్టం కట్టిన చోట. ధృతరాష్ట్రుణ్ణి ఎవరూ దాచలేదు. కొలువులోనే ఉన్నాడు, గౌరవంగానే ఉన్నాడు. పాండురాజు అడవులకు వెళ్లాక రాజ్యం కూడా అతనే చూశాడు. ఒకసారి పోయిన హక్కు కొడుకు కాలానికి తిరిగొస్తుందా అన్న ప్రశ్నే కురుక్షేత్రం దాకా నడిచింది.

ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రకారులు తమ జవాబు రాసిపెట్టారు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం, యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారకాండ రెండూ పుట్టుగుడ్డి, చెవిటి, మూగ, కుంటి, పిచ్చివాడు, జడుడు, మానని రోగం ఉన్నవాడు వంటివారికి తండ్రి ఆస్తిలో భాగం లేదన్నాయి. అయితే వాళ్లకు తిండీ బట్టా పెట్టి తీరాలనీ అన్నాయి. కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ఈ నియమాన్ని ఇంకా విడమరిచింది. భాగాలు పంచుకున్న తరువాత వచ్చిన లోపం వల్ల భాగం పోదు. మందుతో లోపం నయమైతే భాగం తిరిగి వస్తుంది. వికలాంగుడి కొడుకు ఆరోగ్యంగా ఉంటే వాడికి తండ్రి భాగం దక్కుతుంది. కూతుళ్లను పెళ్లి అయ్యేదాకా పోషించాలి. పదమూడో శతాబ్దంలో కేతన దీన్నే ఆధారంగా చేసుకుని తెలుగులో విజ్ఞానేశ్వరీయం రాశాడు. ఆ తరువాత బ్రిటిష్ కోర్టులు కూడా తెలుగువాళ్ల ఆస్తి తగాదాల్లో మితాక్షరనే పట్టుకుని తీర్పులిచ్చాయి.

చదువరి ఇక్కడ ఒకటి గమనించాలి. ఈ నియమంలో క్రౌర్యం ఉంది, పోషణ బాధ్యత కూడా ఉంది. మామూలు ఇంట్లో ఆ రెండోది మొదటిదాని పదునును కొంత తగ్గించేది. రాజ్యానికి వచ్చేసరికి భాగాల పంపకమే ఉండదు, గద్దె ఒక్కడిదే. కాబట్టి అక్కడ లోపం అంటే తక్కువ భాగం రావడం కాదు, ఏమీ రాకపోవడం.

చంద్రగిరి, గుత్తి: కోటల్లో పెరిగిన పిల్లలు

విజయనగర చరిత్రలో ఈ తర్కం పచ్చిగా కనిపించే ఘట్టం 1509 నాటిది. దాన్ని చెప్పినవాడు పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్. అతను 1535 ప్రాంతంలో రాసిన వృత్తాంతాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో ఇంగ్లీషులో ప్రచురించాడు. నూనిజ్ చెప్పిన ప్రకారం, వీరనరసింహరాయలు మరణశయ్య మీద మంత్రి సాళువ తిమ్మరుసును పిలిచి, తన ఎనిమిదేళ్ల కొడుకుకు పట్టం కట్టమన్నాడు. తమ్ముడు కృష్ణరాయలు అడ్డం రాకుండా అతని కళ్లు పీకించి తెచ్చి చూపమన్నాడు. తిమ్మరుసు కృష్ణరాయల్ని గుర్రపుశాలకు తీసుకెళ్లి సంగతి చెప్పాడు. తనకు రాజ్యం అక్కర్లేదనీ, జోగిగా తిరుగుతాననీ, కళ్లు మాత్రం తీయొద్దనీ కృష్ణరాయలు బతిమాలాడట. ఇరవై ఏళ్లు దాటిన యువకుడు ఎనిమిదేళ్ల పిల్లవాడికంటే నయమని మంత్రి లెక్క వేసుకుని, ఒక మేక కళ్లు తీయించి చనిపోతున్న రాజుకు చూపించాడు.

తెలుగువాళ్లు ఈ కథను తిమ్మరుసు తెలివికి నిదర్శనంగా చెప్పుకుంటారు. ఆ ఎనిమిదేళ్ల పిల్లవాడి మాట ఎవరూ ఎత్తరు. రాజైన కృష్ణరాయలు ఆ అన్నకొడుకునూ, తన ముగ్గురు సోదరులనూ చంద్రగిరి కోటకు పంపించి కాపలా పెట్టించాడు. ఆ సోదరుల్లో ఒకడైన అచ్యుతరాయలు 1529లో బయటకు వచ్చి రాజయ్యాడు. పిల్లవాడు మాత్రం ఆ కోటలోనే చనిపోయాడు. అతనికి ఏ అంగవైకల్యమూ లేదు. ఉన్నదల్లా, ఎవరికో అక్కర్లేని హక్కు.

రాజశరీరం నిర్దోషంగా ఉండాలన్న పట్టింపు ఆచరణలో ఎంతగా సడలిపోయేదో కూడా ఇదే రాజు దగ్గర తెలుస్తుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయెస్, కృష్ణదేవరాయల ముఖం మీద స్ఫోటకపు మచ్చలున్నాయని రాశాడు. మచ్చలు అడ్డం రాలేదు. చూపు ఉంటే చాలు, సైన్యం వెంట ఉంటే ఇంకా మంచిది.

1524లో కృష్ణరాయలు తన ఆరేళ్ల కొడుకు తిరుమలరాయలకు పట్టం కట్టాడు. కొద్ది నెలలకే ఆ బాలుడు చనిపోయాడు. విషప్రయోగం చేయించాడన్న అనుమానంతో తిమ్మరుసునూ అతని కొడుకులనూ చెరలో పెట్టి కళ్లు తీయించాడని నూనిజ్ కథనం. దీన్ని అందరు చరిత్రకారులూ ఒప్పుకోలేదు. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ సినిమా చూసిన జనం మాత్రం ఒప్పేసుకున్నారు.

అచ్యుతరాయల తరువాత కథ గుత్తి కోటకు మారుతుంది. 1542లో అతని కొడుకు, బాలుడైన వెంకటపతి గద్దెనెక్కాడు. మేనమామ సలకరాజు తిరుమలుడు పెత్తనం చేజిక్కించుకుని, చివరికి ఆ పిల్లవాణ్ణే చంపించాడు. ఈ తిరుమలుడికి మతి స్థిమితం లేదని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఓడినవాణ్ణి పిచ్చివాడనడం గెలిచినవాళ్లకు ఎప్పుడూ తేలికే, కాబట్టి ఆ మాటను కొంచెం తగ్గించుకుని చదవడం మంచిది. అప్పటికి గుత్తి కోటలో బందీగా ఉన్న మరో రాజకుమారుడు సదాశివరాయల్ని కృష్ణరాయల అల్లుడు అళియ రామరాయలు విడిపించి రాజుగా ప్రకటించాడు. సలకరాజు సేనలతో కోమలి, జూటూరు, బేతంచెర్ల, ఆదవాని దగ్గర పోరాడి, తుంగభద్ర ఒడ్డున గెలిచాడు. ఇందులో గండికోట పెమ్మసాని నాయకులు అతని పక్షాన నిలిచారు. అంటే ఇప్పటి కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల నేల మీదే ఒక దాచిన రాజకుమారుడి కోసం యుద్ధం జరిగింది. బయటికొచ్చిన సదాశివుడి బతుకు మారిందా అంటే అంతగా లేదు. రామరాయలూ అతని తమ్ముళ్లూ రాజును కాపలాలో ఉంచి, ఏడాదికొకసారి ప్రజలకు చూపించేవారని 1567లో విజయనగరం వచ్చిన ఇటలీ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు.

బహమనీలు, గోల్కొండ

తుంగభద్రకు ఉత్తరాన ఇదే పని మరింత బాహాటంగా సాగింది. బహమనీ రాజ్యంలో 1397 ఒక్క ఏడాదిలోనే ఇద్దరు సుల్తానుల కళ్లు పోయాయి. మొదట తుగల్‌చిన్ అనే ప్రభువు గియాసుద్దీన్ కళ్లు తీయించాడు. అతని బదులు గద్దెనెక్కిన షంసుద్దీన్‌కూ కొద్ది నెలల్లో అదే గతి పట్టింది.

గోల్కొండలో 1543లో జంషీద్ కులీ తండ్రి సుల్తాన్ కులీని చంపించి, వారసుడుగా ఉన్న అన్న కుతుబుద్దీన్‌ను గుడ్డివాణ్ణి చేశాడు. చిన్నవాడైన ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. తరువాత గోల్కొండ సుల్తానై, తెలుగు కవుల చేత మల్కిభరాముడని పిలిపించుకున్నది ఈయనే. పారిపోయిన తమ్ముడికి కావ్యాలు అంకితమయ్యాయి. కళ్లు పోయిన అన్న చరిత్రలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాడు.

చూపు పోతే రాజ్యం పోవాలన్నది అంతటా చెల్లిన నియమమేమీ కాదు. మొగల్ పాదుషా రెండో షా ఆలంను 1788లో గులాం ఖాదిర్ గుడ్డివాణ్ణి చేశాడు. ఆయన ఆ తరువాత 1806లో చనిపోయేదాకా పాదుషాగానే ఉన్నాడు. అప్పటికి ఆ సింహాసనంలో కొట్లాడి తీసుకోదగ్గది పెద్దగా మిగల్లేదు.

సారంగధరుడు

తెలుగువాళ్లకు వికలాంగ రాజకుమారుడంటే సారంగధరుడే. కథ అందరికీ తెలిసిందే. రాజు చిన్న భార్య చిత్రాంగి సవతి కొడుకును కోరింది. ఎగిరిపోయిన పావురం కోసం ఆమె మేడకు వెళ్లిన సారంగధరుడు ఒప్పుకోలేదు. ఆమె తిరగేసి నేరం మోపితే, తండ్రి విచారించకుండా కొడుకు కాళ్లూ చేతులూ నరికించి అడవిలో పారేయించాడు. సిద్ధుడొకడు అతనికి మళ్లీ అవయవాలు వచ్చేట్టు చేశాడు. నాథ సంప్రదాయంలో చౌరంగిగా చెప్పే సిద్ధుడు ఇతనే అంటారు.

ఈ కథ తెలుగులో పాతగా కనిపించేది పదిహేనో శతాబ్దపు గౌరన రాసిన నవనాథ చరిత్రలో. ఈ ద్విపద కావ్యం పుట్టింది ఇప్పటి నంద్యాల జిల్లా శ్రీశైలంలో, అక్కడి భిక్షావృత్తి మఠాధిపతి కోరిక మీద. తరువాత చేమకూర వెంకటకవి దీన్ని కావ్యంగా రాశాడు. రానురాను కథ రాజమహేంద్రవరానికి చేరి, తండ్రి రాజరాజ నరేంద్రుడయ్యాడు. ఆయన కొలువులో నన్నయ ఉన్నాడు కాబట్టి జనానికి ఆ ముడి బాగా నచ్చి ఉంటుంది, చరిత్రలో మాత్రం దానికి ఆధారం లేదు. బళ్లారిలో న్యాయవాదిగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు దీన్ని ‘విషాద సారంగధర’ నాటకంగా రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు. 1957లో ఎన్.టి.రామారావు, భానుమతి నటించిన సినిమా కూడా వచ్చింది.

శ్రీశైలం కథకూ, స్మృతుల నియమానికీ మధ్య దూరం చూడండి. స్మృతి ప్రకారం అంగం లేనివాడికి భాగం లేదు. నాథుల కథలో అంగం పోగొట్టుకున్న కొడుకు రాజ్యం కన్నా పెద్దదాన్నే అందుకున్నాడు. అలాగని ఆ కథ వైకల్యాన్ని వైకల్యంగానే గౌరవించిందనుకుంటే తొందరపాటే. అక్కడ కూడా నాయకుడికి కాళ్లూ చేతులూ తిరిగి మొలిచి తీరాలి. మొండి చేతులతోనే సిద్ధుడయ్యాడని చెప్పే ధైర్యం మన కథకులకు చాలలేదు.

సీమలో సంస్థానాలు పలచబడటం

కోస్తాలో జమీందారీ కుటుంబాల వికలాంగ వారసుల తగాదాలు కోర్టు కాగితాలకు ఎక్కినంతగా కర్నూలు, కడపల నుంచి ఎక్కకపోవడానికి కారణం పాలనా పద్ధతిలో ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్లను అణచి, రైత్వారీ పద్ధతి పెట్టాడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రాజ్యం 1839లో పోయింది. ఈ రెండు జిల్లాల మధ్య సంస్థానంగా మిగిలింది బనగానపల్లె ఒక్కటే, అదీ 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది.

మిగతా చోట్ల వ్యవహారం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి పోయేది. మద్రాసు ప్రెసిడెన్సీలో దీనికి 1804లో రెగ్యులేషన్, 1902లో చట్టం వచ్చాయి. జమీందారు మైనరైనా, మతి స్థిమితం లేకపోయినా, శరీర లోపం వల్ల ఎస్టేటు చూసుకోలేకపోయినా సర్కారే ఎస్టేటు నడిపేది. దాంతో దాపరికానికి కొత్త కారణం పుట్టింది. అంతకుముందు దాయాదులకు భయపడి దాచేవాళ్లు, ఇప్పుడు కలెక్టరుకు భయపడి కూడా దాచాల్సి వచ్చింది.

రాజకుమారుడు జాన్

మొదట చెప్పుకున్న జాన్ 1905 జులై 12న శాండ్రింగ్‌హామ్ ఎస్టేటులోని యార్క్ కాటేజీలో పుట్టాడు. జార్జి, మేరీ దంపతుల ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. నాలుగేళ్ల వయసులో మూర్ఛలు మొదలయ్యాయి. చదువు కూడా నెమ్మదిగా వచ్చేది. 1911 జూన్‌లో తండ్రి పట్టాభిషేకానికి అతన్ని తీసుకెళ్లలేదు. అదే ఏడాది డిసెంబరులో తల్లిదండ్రులు ఢిల్లీ దర్బారుకు వచ్చి హిందూదేశపు చక్రవర్తి, చక్రవర్తినిగా కూర్చున్నారు. మన ఊళ్ల బడిపిల్లల పుస్తకాల్లో బొమ్మగా ఉన్న ఆ రాజుకు ఫిట్స్ వచ్చే ఆరేళ్ల కొడుకు ఉన్నాడని ఇక్కడ ఎవరికీ తెలిసే వీల్లేదు.

అప్పట్లో మూర్ఛకు బ్రోమైడ్లు తప్ప వేరే మందు లేనట్టే. ఫినోబార్బిటాల్ వాడకం 1912లో మొదలైంది. రాయలసీమలో ఈనాటికీ ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టే అలవాటు పోలేదు. ఆ రాజభవనంలో వైద్యులు చేయగలిగింది దానికంటే ఎంతో మెరుగేమీ కాదు.

1916 చివరినుంచి జాన్‌ను శాండ్రింగ్‌హామ్ దగ్గరే వుడ్ ఫార్మ్ అనే ఇంట్లో విడిగా ఉంచారు. చిన్నప్పటినుంచి పెంచిన ఆయా, లాలా అని పిలిచే షార్లెట్ బిల్ అతనితోనే ఉంది. అతనికొక చిన్న తోట ఇచ్చారు, ఆడుకోవడానికి ఊళ్లోని పిల్లలు వచ్చేవారు, నాయనమ్మ అలెగ్జాండ్రా దగ్గరికి వెళ్లొస్తుండేవాడు. 1919 జనవరి 18న నిద్రలో మూర్ఛ వచ్చి చనిపోయాడు. వయసు పదమూడు. అన్న ఎడ్వర్డ్, తరువాత గద్దె వదులుకున్న ఎనిమిదో ఎడ్వర్డే, ఈ చావు గురించి తన ప్రియురాలికి నిర్దయగా ఉత్తరం రాశాడు. తల్లికి కూడా అలాంటి ఉత్తరమే రాసి, ఆమె నొచ్చుకున్నాక క్షమాపణ చెప్పుకున్నాడు.

జాన్‌ను కొట్టుగదిలో పెట్టి తాళం వేశారన్నట్టు తరువాత చాలా రాతలు వచ్చాయి. అది నిజం కాదు. చిన్నతనంలో ఫొటోల్లో, కుటుంబంతో పాటు ప్రజల ముందు అతను కనిపించాడు. లోపం బయటపడే కొద్దీ కనిపించడం తగ్గింది. ప్రేమ లేకపోవడం వల్ల జరిగిందనలేం, మేరీ డైరీలో దుఃఖం ఉంది. కానీ ఆ దుఃఖం గోడలు దాటి బయటికి రాకూడదన్నదీ ఆ ఇంటి నియమమే. జాన్‌కు పైన నలుగురు అన్నలున్నారు, గద్దె అతని దాకా వచ్చే ప్రశ్నే లేదు. వారసత్వ భయం లేకపోయినా దాచారంటే, అప్పటికి రాజవంశం పరువు కూడా కాపాడుకోవాల్సిన ఆస్తిగా మారిందన్నమాట. 2003లో బీబీసీ ప్రసారం చేసిన స్టీఫెన్ పోలియాకోఫ్ నాటకం ‘ది లాస్ట్ ప్రిన్స్’తో జాన్ పేరు మళ్లీ జనంలోకి వచ్చింది.

ఐరోపాలో మరికొందరు

రష్యా జార్ రెండో నికొలస్ ఏకైక కొడుకు అలెక్సీ (1904–1918)ది నికార్సైన వారసత్వ రహస్యం. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా ఉందని ప్రజలకు చెప్పలేదు. పిల్లవాడు నడవలేని రోజుల్లో ఎందుకు నడవలేడో చెప్పలేదు. సాధువు రాస్పుతిన్‌కు అంతఃపురంలో ఎందుకంత చనువో కూడా అందువల్లే చెప్పలేకపోయారు. చెప్పని చోట పుకార్లు చేరాయి. ఆ పుకార్లు జార్ పరువును ఎంత తిన్నాయో 1917లో తేలింది.

స్పెయిన్‌లో మాత్రం లోపాన్ని బహిరంగంగా తేల్చిన సందర్భం ఉంది. 1759లో మూడో చార్లెస్ నేపుల్స్ నుంచి స్పెయిన్ గద్దెకు వెళ్తూ, పెద్దకొడుకు ఫిలిప్‌ను వైద్యులతో పరీక్ష చేయించి, బుద్ధిమాంద్యం వల్ల రాజ్యానికి అనర్హుడని ప్రకటించాడు. ఇదే వంశంలో 1933లో, నాలుగేళ్ల వయసులో ఆపరేషన్ తరువాత చెవిటివాడైన రాజకుమారుడు హైమే తన హక్కు వదులుకున్నాడు. ఆ హక్కు తమ్ముడికీ, అతని కొడుకు హువాన్ కార్లోస్‌కూ పోయింది. అంతకు ముందు అక్కడ పాలించిన హాప్స్‌బర్గ్ వంశం 1700లో రెండో చార్లెస్‌తో అంతరించింది. ఎన్నో జబ్బులతో బతికిన ఆయన తల్లిదండ్రులు వరసకు మేనమామ, మేనకోడలు. అక్క కూతుర్ని చేసుకోవడం మామూలైన మన సీమలో ఈ ఉదాహరణను డాక్టర్లు ఎందుకు వాడుకోరో తెలియదు.

జర్మనీ కైజర్ రెండో విల్‌హెల్మ్‌ది ఇంకో దారి. పుట్టుకలో దెబ్బతిన్న ఎడమ చెయ్యి కుడిదానికంటే పొట్టి. మనిషిని దాచలేదు, చేతినే దాచారు. ఫొటోల్లో ఆ చేతిలో గ్లౌజులో, కత్తి పిడో ఉంటుంది.

ఇటీవలిదీ, మనసుకు ఎక్కువ గుచ్చుకునేదీ బ్రిటిష్ రాణి రెండో ఎలిజబెత్ తల్లి వైపు కుటుంబానిది. ఆ తల్లికి మేనకోడళ్లైన నెరిస్సా, కేథరిన్ బోవెస్-లయన్‌లను 1941లో సర్రేలోని రాయల్ ఎర్ల్స్‌వుడ్ ఆసుపత్రిలో చేర్చారు. ఇద్దరికీ తీవ్రమైన బుద్ధిమాంద్యం. ప్రభువంశాల చరిత్ర నమోదు చేసే బర్క్స్ పీరేజ్ గ్రంథం 1963 ముద్రణలో ఇద్దరూ చనిపోయినట్టు రాసింది. నెరిస్సా చనిపోయింది 1986లో. 1987లో పత్రికలు ఈ సంగతి బయటపెట్టేనాటికి కేథరిన్ ఇంకా అదే ఆసుపత్రిలో ఉంది. ఆమె 2014 దాకా బతికింది.

చట్టం మారిన తీరు

మన దగ్గర పాత నియమానికి మొదటి దెబ్బ 1928లో తగిలింది. ఆ ఏడాది వచ్చిన పన్నెండో చట్టం, పుట్టుకతో మతి లేనివాళ్లను తప్ప ఎవరినీ రోగం వల్లగానీ అంగలోపం వల్లగానీ హిందూ వారసత్వం నుంచి తప్పించకూడదంది. మిగిలిన ఆ మినహాయింపును కూడా 1956 హిందూ వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ తీసేసింది. 1971లో రాజ్యాంగ సవరణతో రాజభరణాలు రద్దయ్యాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది.

ఇప్పుడు సీమలో వైకల్యం ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు అవసరం పూర్తిగా తిరగబడింది. పింఛను కావాలంటే ప్రభుత్వాసుపత్రిలో సదరం క్యాంపుకు బిడ్డను తీసుకెళ్లి, డాక్టర్ల ముందు చూపించి, 40 శాతానికి తక్కువ కాకుండా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానపడ్డవాళ్లకు 15,000. అదే ఇంట్లో పెళ్లికెదిగిన అన్నో అక్కో ఉంటే, సంబంధం చూడ్డానికి వచ్చిన రోజున ఆ బిడ్డను పక్కింట్లో కూర్చోబెట్టే వాళ్లు ఇంకా ఉన్నారు.